ట్రాఫిక్ పాయింట్‌లో చెవికి అన్నిటికంటే దగ్గరున్న హారన్

పంజగుట్ట లాంటి జంక్షన్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెవిని ఏది పాడుచేస్తుందంటే అందరూ బస్సు హారన్ అంటారు. నోట్లో పెట్టుకున్న ఈల సంగతి ఎవరికీ తట్టదు. లోపల గోళీ ఉండే ఈల గట్టిగా ఊదితే, ఊదినవాళ్ల చెవి దగ్గరే 100 డెసిబెల్స్ సులువుగా దాటుతుంది.

పనిచేసే చోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి మోత 3 పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది: 88కి 4 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. 106కి వచ్చేసరికి మిగిలేది 3 నిమిషాల 45 సెకన్లు. ఆ స్థాయిలో ఒక్కో సెకను చొప్పున 225 సార్లు ఊదితే రోజు కోటా అయిపోయినట్టే. హారన్లు, సైలెన్సర్ మార్చిన బుల్లెట్లు ఇంకా లెక్కలోకి రానేలేదు.

మన దగ్గర 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో వాణిజ్య ప్రాంతానికి పగటి హద్దు 65. అది పరిసరాలకు పెట్టిన హద్దు, మనిషి చెవికి కాదు. ఫ్యాక్టరీ కార్మికుడికి 8 గంటలకు 90 అని వేరే హద్దుంది. రోడ్డు ఫ్యాక్టరీ కాదు కాబట్టి అదీ ఇక్కడ అక్కరకు రాదు.

ఇక ఇయర్‌ప్లగ్‌లు. డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ (మోత ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 29 అని ఉంటే 29 తగ్గుతుందనుకోకండి. అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే 11. మామూలుగా పెట్టుకునే తీరుకు నమ్మదగ్గ అంకె అదే. ఫోమ్ ప్లగ్‌ని సన్నని పుల్లలా మడత పడకుండా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు దూర్చి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో అదిమి పట్టాలి. అద్దంలో ఎదురుగా చూస్తే ప్లగ్ చివర బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తోందంటే అది చెవిలోకి సరిగ్గా వెళ్లలేదని అర్థం.

నా మటుకు పాయింట్ డ్యూటీకి ఫోమ్ వద్దంటాను. దుమ్ము చేతులతో నలిపి చెవిలో పెడితే ఎండాకాలం చెమటకు దురద, ఫంగస్. తాడున్న సిలికాన్ ప్లగ్ మేలు: మెడకు వేలాడుతుంది, సబ్బుతో కడుక్కోవచ్చు, రోడ్డు మీద పడిపోదు. గుబిలి గట్టిగా ఉన్నవాళ్లు ముందు తీయించుకోవాలి. చెవి కారుతున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు పెట్టకూడదు.

ఎక్కువ అంకె ఉన్నదే కొనడం ఇంకో పొరపాటు. చెవికి చేరే మోత 75, 80 మధ్యకు దిగితే చాలు. మరీ మూసేస్తే వైర్‌లెస్ సెట్‌లో మాట అర్థం కాదు, వెనక నుంచి వచ్చే బండి తెలియదు, తన ఈల తనకే తలలో మోగినట్టుంటుంది. వెంటనే పీకేస్తారు. ఆ పీకేయడంతోనే చిక్కు: 25 డెసిబెల్స్ ఆపే ప్లగ్‌ని 8 గంటల్లో అరగంట తీసినా, రోజు మొత్తం మీద దక్కే రక్షణ 12 కూడా ఉండదు. అందుకే మాట స్పష్టంగా వినిపించే ఫిల్టర్ ప్లగ్, తక్కువ ఆపినా సరే, రోజంతా చెవిలో ఉండేది ఎంచుకోవాలి. సెట్‌కి కూడా చెవిని మూసే రకం ఇయర్‌పీస్ అయితే వాల్యూమ్ పూర్తిగా పెంచే పని ఉండదు.

డ్యూటీ గంటలు సగం చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే. ఒక హారన్‌కి 2 మీటర్ల దూరంలో నిలబడేవాళ్లు 4 మీటర్లకు జరిగితే దాదాపు 6 తగ్గుతుంది. గొడుగు ఎక్కడ పాతారన్నది అంత ముఖ్యం.

వినికిడి పరీక్ష డ్యూటీ దిగి నేరుగా వెళ్లి చేయించుకుంటే తప్పుడు ఫలితం వస్తుంది. చెవులు దిబ్బడేసి ఉంటాయి కదా. కనీసం 14 గంటలు నిశ్శబ్దంగా గడిచాక, అంటే వీక్లీ ఆఫ్ మర్నాడు పొద్దున్నే వెళ్లాలి. గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, 8000 దగ్గర మళ్లీ పైకి లేస్తే అది మోత దెబ్బ అనడానికి గట్టి గుర్తు. ఆ దశలో ఎదుటివాళ్ల మాట వినిపిస్తూనే ఉంటుంది, స, చ, త తేడా తెలియదు. పాత గ్రాఫ్ పారేయకుండా ఏటా పక్కన పెట్టి చూడాలి. 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల సగటు ఏ చెవిలోనైనా 10 డెసిబెల్స్ దిగజారితే ప్లగ్ మార్చాలి, పాయింట్ కూడా మార్పించుకోవాలి.