అండమాన్ ఉక్క, నల్లగొండ ఎండ

అండమాన్‌లో తమ్ముడి దగ్గర ఉండి వచ్చా. మ్యాప్‌లో చూస్తే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) మనకన్నా భూమధ్యరేఖకు దగ్గర, అక్కడే ఎక్కువ మాడిపోవాలి కదా, కానీ మే నెలలో మన నల్లగొండ 44 డిగ్రీల దాకా పోతుంటే అక్కడ 35 దాటడమే అరుదు, చుట్టూ సముద్రం కాబట్టి. అలాగని హాయి అనుకోకండి, ఒకటే ఉక్కపోత! రోజంతా దండెం మీద వేసినా చొక్కా ఆరదు, మన దగ్గరైతే అన్నం తిని వచ్చేలోపు అప్పడమే. వాన సంగతి సరే, రెండు రుతుపవనాలూ కలిపి ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు, అందులో నాలుగో వంతు పడితే మహబూబ్‌నగర్‌లో మంచి కాలం అయినట్టే. విచిత్రం ఏంటంటే, ఎండాకాలంలో అక్కడా తాగునీటికి కటకటే. చిన్న దీవులు, వాలు నేల, పడ్డ నీళ్లు పడ్డట్టే సముద్రంలోకి. మనకు చెరువులైనా ఉన్నాయి. డిసెంబర్‌లో అయితే సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుందట, గడియారం మాత్రం మనదే.