ఒక నర్సు, ఇద్దరు పేషెంట్లు

న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్‌లోకి దిగడంతో నన్ను వెంటిలేటర్ మీద పెట్టారు. ఆ మొదటి రోజుల సంగతి నాకేమీ గుర్తులేదు. మత్తు మందు తగ్గించడం మొదలుపెట్టాక జరిగిందే గుర్తుంది.

గొంతులో గొట్టం ఉంటే మాట రాదు. దాహమేస్తోందని చెప్పలేం. చెయ్యి ఎత్తి చూపిద్దామంటే అంత బలం ఉండదు. మనకేం కావాలో మన ముఖం చూసి పట్టుకోవాల్సింది నర్సే. పగలు నన్ను చూసిన సిస్టర్‌కి నేను కాక ఇంకొక్క పేషెంటే ఉండేవారు. గొట్టంలోంచి కఫం తీసే ముందు ప్రతిసారీ ఆ అమ్మాయి నా మీదికి వంగి చెప్పేది: "అమ్మా, సక్షన్ చేస్తున్నాను. దగ్గొస్తుంది, ఊపిరాడనట్టు ఉంటుంది. పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది." అలాగే అయిపోయేది. చెప్పకుండా చేస్తే అదే పనికి ప్రాణం పోతున్నంత భయం వేస్తుంది. అదీ చూశాను.

కొన్నాళ్లు మతి నిలకడగా లేదు. గోడల మీంచి నీళ్లు కారుతున్నట్టు, నన్నెవరో ఎత్తుకుపోతున్నట్టు అనిపించేది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చదివి, 'ఏ' వచ్చినప్పుడల్లా నొక్కమంది. నేను ఎక్కడపడితే అక్కడ నొక్కాను. ఇది డెలీరియం (జబ్బు వల్ల కొన్నాళ్లు మతి తప్పడం) అని డాక్టర్‌కి చెప్పింది. నా కళ్లద్దాలు తెప్పించి పెట్టింది. ఈరోజు ఏ వారమో, నేనెక్కడున్నానో పొద్దున్నే చెప్పేది. ఐసీయూలో అందరూ మెషీన్లనే చూస్తారు గానీ, నన్ను మళ్లీ ఈ లోకంలోకి తెచ్చినవి ఈ పనులే. వీటికి కావాల్సింది సమయం.

ఒక రాత్రి ఆ సమయం లేకపోయింది. ఇద్దరు నర్సులు రాలేదు. ఉన్న ఒక్కొక్కరికీ నలుగురేసి పేషెంట్లు. పక్క బెడ్ ఆయనకి బీపీ పడిపోయి, నా సిస్టర్ అక్కడే ఉండిపోయింది. నా వెనక ఏదో అలారం మోగుతూనే ఉంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిన నన్ను తెల్లారేదాకా తిప్పలేదు. నడుం కింద ఎముక మంటపెట్టింది, చెప్పే దారి లేదు. పొద్దున చూస్తే అక్కడ చర్మం కమిలిపోయింది, తర్వాత పుండయింది. ఆ రాత్రి సిస్టర్ ఒక్క నిమిషం కూర్చోలేదు. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు, ఇప్పటికీ.

కోలుకున్నాక దీని గురించి దొరికింది దొరికినట్టు చదివాను. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల్లో సర్జరీ చేయించుకున్నవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. నర్సుకు ఒక్క పేషెంట్ పెరిగితే, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల లెక్కల్లోనూ అదే 7 శాతం. అవి ఐసీయూ లెక్కలు కావు. అయినా చదువుతుంటే నాకు ఆ రాత్రే కళ్ల ముందు కనిపించింది. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి అమలు చేస్తోంది: ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించి ఇవ్వకూడదు. ఐసీయూ పనిని కొలవడానికి నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్ అని ఒక పద్ధతి కూడా ఉంది. ఒక పేషెంట్ స్కోర్ 100 అయితే ఒక నర్సు పూర్తి సమయం ఆ ఒక్కరికే కావాలని అర్థం. ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం, రికార్డు రాయడం అన్నీ అందులో లెక్కే. ఇవన్నీ పనేనని ఎవరో గుర్తించినందుకు నాకు చాలా సంతోషమేసింది.

గొట్టం తీశాక మంచం అంచున కూర్చోబెట్టినప్పుడు నా మెడ నిలబడలేదు. చెంచా పట్టుకోవడం, నాలుగడుగులు వేయడం మళ్లీ నేర్చుకున్నాను. ఊపిరితిత్తులు త్వరగానే బాగుపడ్డాయి. పుండు మానడానికే నెలలు పట్టింది, దానికి డ్రెస్సింగ్ మావారే చేశారు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం ఇంకా పూర్తిగా పోలేదు.

డిశ్చార్జ్ రోజున ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. నర్సుల ప్రవర్తన దగ్గర పూర్తి మార్కులు వేశాను. కింద ఖాళీ స్థలంలో, వణుకుతున్న చేత్తోనే, రాత్రి షిఫ్టుకి కూడా ఇద్దరు పేషెంట్లకి ఒక నర్సుని వేయమని, ఎందుకో వివరంగా రాసిచ్చాను.