తొండ గూటిలో ఎండా నీడా

హనుమకొండలో మా ఇంట్లో ఒక బియర్డెడ్ డ్రాగన్ ఉంది. ఆస్ట్రేలియా ఎడారి జీవి. మన ప్రహరీ గోడల మీద తలాడించే తొండకు దాయాది. నిరుడు జనవరిలో అది వారం రోజులు తిండి ముట్టలేదు. పురుగు వేస్తే ఒకసారి చూసి కళ్లు మూసుకునేది. ఒళ్లు వేడెక్కకపోతే ఈ జీవులకు తిన్నది అరగదు. అది ఉండే అద్దాల పెట్టెకు అంటించిన థర్మామీటరేమో 33 డిగ్రీలు చూపిస్తోంది.

"తొండే కదా, కాసేపు ఎండలో పెట్టరాదూ" అంది అమ్మ. అద్దాల పెట్టెను ఎండలో పెడితే కొలిమి అయిపోతుంది, ఆ పని చేయలేదు. కానీ ఆ మాట విన్నాక ప్రహరీ మీది తొండను గమనించాను. పొద్దున్నే రాయికి పొట్ట ఆనించి ఎండ కాచుకుంటుంది, వేడెక్కగానే గోరింట నీడలోకి జారుకుంటుంది. మా పెట్టెలో ఆ రెండు చోట్లూ ఉన్నాయా?

కాజీపేటలో ఏసీలు బాగుచేసే మిత్రుడి దగ్గర, తాకకుండా గురిపెడితే చాలు వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అడిగి తెచ్చాను. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, అది మనిషి ఒంటి వేడికే పరిమితం. పెట్టెలో వేడి కోసం పెట్టిన బల్బు కింది నాపరాయికి గురిపెడితే 28! అద్దం మీదిది ఇన్నాళ్లూ బల్బు పక్కన గాలిని కొలిచింది, జంతువు పడుకునే రాయిని కాదు. పెద్ద బల్బు వేస్తే రాయి 49కి ఎక్కింది. పొట్ట కాలిపోయే వేడి అది. బల్బును జానెడు పైకి కట్టి, అంగుళం అంగుళం జరుపుతూ మూడు రోజులకు రాయి 40, అవతలి మూల 26 దగ్గర నిలిపాను. రాత్రి చలికి వెలుతురు రాని సిరామిక్ హీటరు, దాని వేడి మించకుండా చూసే థర్మోస్టాటు. అయిదో రోజు పురుగును నాలుకతో లాక్కుంది. ఆ పూట నాకూ అన్నం సహించింది.

మే నెలలో అసలు పరీక్ష. మధ్యాహ్నం గదే 39 డిగ్రీలు. పెట్టెలో నీడ అన్నదే లేకుండా పోయింది. చల్లని మూలలో కూడా నోరు తెరుచుకుని పడి ఉండేది. పదకొండు నుంచి అయిదు వరకు వేడి బల్బు ఆపేశాను, ఎముకల బలానికి అవసరమైన, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ ట్యూబు మాత్రం వెలుగుతూనే ఉంది. కూలరు గాలి నేరుగా తగిలితే తేమ పెరుగుతుంది, ఎడారి జీవికి అది మంచిది కాదు. అందుకే పెట్టెను ఉత్తరం గదికి మార్చి, కూలరును హాలులోనే ఉంచాను. మూల 31కి దిగింది.

ఈ రోజు ఉదయం రాయి 40, నీడ 27. క్యాలెండరులో రాసిపెట్టాను.