తెల్లబడిన లక్కరు

జులైలో ఒక ఆదివారం ఉదయం, విశాఖపట్నంలో మా డాబా మీది రేకుల షెడ్డులో, 14 నెలల పాటు సెలవు రోజుల్లో కూర్చుని చేసుకున్న గిటారు మీద మూడో కోటు లక్కరు కొట్టి స్ప్రే గన్ పక్కన పెట్టాను. తడిగా అద్దంలా మెరుస్తున్న ముఖభాగం నా కళ్ల ముందే అంచుల దగ్గర మొదలై మధ్యకు పాకుతూ తెల్లబడసాగింది. గచ్చు మీద ఒలికిన గంజి ఆరిపోయాక మిగిలే పొర ఎలా ఉంటుందో, అచ్చం అలాంటి పొర ఐదారు నిమిషాల్లో స్ప్రూస్ చెక్క మీది సన్నని గీతలన్నిటినీ కప్పేసింది. గుడ్డతో తుడవబోయి, తడి పూతకు గుడ్డ అంటుకుంటే ఉన్నది కూడా పోతుందని ఆగిపోయాను. వీధి చివర ఫర్నిచర్‌కు పాలిష్ పెట్టే మేస్త్రిని వెళ్లి పిలుచుకొచ్చాను. ఆయన గిటారును ముట్టుకోనైనా లేదు. నీళ్లు కారుతున్న చూరు వైపు ఒకసారి చూసి, "ముసురు పట్టీసి ఉంటే లక్కరు కొట్టీసినారేటి బాబూ? చెక్కకేటీ అవనేదు. తేమ పట్టీసింది, అంతే. ఇప్పుడు దాన్ని కెలక్కండి" అని వెళ్లిపోయారు.

ఆ మాట వెనుక ఉన్న కారణం నాకు తర్వాత బోధపడింది. నైట్రోసెల్యులోజ్ లక్కరు రసాయన చర్యతో గట్టిపడే పూత కాదు. థిన్నర్‌లో కరిగి ఉన్న పదార్థాన్ని చెక్క మీద చల్లితే థిన్నర్ ఎగిరిపోతుంది, మిగిలినదే పూత. ఎగిరిపోయే ద్రవం ఏదైనా తనతో పాటు వేడిని తీసుకుపోతుంది కాబట్టి పూత ఉపరితలం చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అరచేతిలో స్పిరిట్ వేసుకున్నప్పుడు చల్లగా అనిపించేది ఇందుకే. గాలిలో తేమ నిండుగా ఉన్న రోజున, చల్లటి నీళ్లు పోసిన చెంబుకు చెమట పట్టినట్టు ఆ పూతకు కూడా నీరు పడుతుంది. ఆ నీటి వల్ల కరిగి ఉన్న నైట్రోసెల్యులోజ్ విడిపోయి, వెలుతురును చెదరగొట్టే తెల్లని పొరగా మారుతుంది. ఆ రోజు తేమ 88 శాతం ఉందని షెడ్డు గోడకు నేనే తగిలించిన చిన్న మీటరు చూపిస్తూనే ఉంది. పైగా నేను కొనుక్కొచ్చినది స్ప్రే గన్ కడగడానికి వాడే చవక థిన్నర్. అది మరీ త్వరగా ఎగిరిపోతుంది, ఎంత త్వరగా ఎగిరితే పూతను అంతగా చల్లబరుస్తుంది. దుకాణంలో ఏ థిన్నర్ అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

లక్కర్ అనే పేరు మన లక్క నుంచి పుట్టినదే. సంస్కృతంలోని లాక్షా పారసీ, అరబ్బీ, పోర్చుగీసు భాషల మీదుగా ఐరోపాకు వెళ్లి, వేషం మార్చుకుని డబ్బా మీది పేరుగా మనకు తిరిగొచ్చింది. అయితే ఆ డబ్బాలో లక్క పురుగు పెట్టిన లక్క చుక్కైనా ఉండదు. దూదిని నత్రికామ్లం, గంధకామ్లాలతో కలిపి నైట్రోసెల్యులోజ్ తయారు చేయవచ్చని 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. మొదట అది పేలుడు పదార్థంగానే పేరు పొందింది. 1920లలో అమెరికాలో డూపాంట్ సంస్థ డ్యూకో అనే పేరుతో దాన్ని కార్ల రంగుగా తెచ్చాక, వారాలు పట్టే కారు పెయింటింగ్ పని గంటల్లోకి వచ్చింది. గిటారు తయారీదారులు కూడా దాన్నే అందుకున్నారు. గిబ్సన్, మార్టిన్ సంస్థలు ఇప్పటికీ చాలా గిటార్లకు ఇదే వాడతాయి. పాండవుల కోసం కట్టించిన లక్క ఇంటి కథ చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం కాబట్టి లక్క మండుతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ లక్కరు దాన్ని తలదన్నేది. షెడ్డు గోడ మీద, నేల మీద పొడిగా రాలిన తుంపర సైతం చిన్న నిప్పురవ్వకు భగ్గుమంటుంది. కొట్టే పని ఉన్న రోజున షెడ్డులో ఫ్యాను, ఫ్రిజ్, స్విచ్ బోర్డు ఏవీ వాడను. కంప్రెసర్‌ను బయట మెట్ల మీద పెట్టి పైపు మాత్రం లోపలికి తెస్తాను. ముఖానికి కట్టేది కూడా దుమ్ము ఆపే మామూలు మాస్కు కాదు, రసాయన ఆవిరిని పట్టే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్నది. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయదలచుకున్నవారు లక్కరు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంత తలనొప్పి ఉన్నప్పుడు పి.యు. అనే పాలీయురేథేన్ పూత ఎందుకు వద్దనుకున్నానో చెప్పాలి. మేస్త్రి మొదటి నుంచీ పి.యు. లేదా మెలమైన్ కొట్టమనే అన్నారు. డైనింగ్ టేబుల్‌కైతే నేనూ అదే అంటాను. రెండు డబ్బాలుగా వచ్చే పి.యు.లో హార్డెనర్ కలిపాక అణువులు ఒకదానితో ఒకటి గొలుసులుగా అల్లుకుపోతాయి, ఆ తర్వాత ఏ థిన్నర్‌కూ కరగవు. అందుకే అది గట్టిగా ఉంటుంది, అందుకే దాన్ని బాగు చేయడం కూడా కష్టం. పెచ్చు ఊడిన చోట కొత్తది నింపితే పాత పూతకూ కొత్త పూతకూ మధ్య ఉంగరంలాంటి గీత మిగిలిపోతుంది. లక్కరు అలా కాదు. ఏడాది తర్వాత వేసిన చుక్క కూడా కింది పూతను కరిగించుకుని అందులో కలిసిపోతుంది, పది కోట్లు వేసినా చివరికి ఉండేది ఒకే పొర. ఇది నా మొదటి గిటారు. పొరపాట్లు తప్పవని ముందే తెలుసు కనుక, పొరపాటును తనలో కలుపుకునే పూతనే ఎంచుకున్నాను. నైట్రో పూసిన చెక్క ఊపిరి పీలుస్తుందని, నాదం దానివల్లే తెరుచుకుంటుందని కొందరు చెప్పే మాటల మీద నాకు గురి లేదు. నాదానికి సంబంధించినంతవరకు పూత పలుచగా ఉండటమే ముఖ్యం, మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఇంకొంచెం.

పూతకు ముందు జరిగిన పనిలో ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. గిటారు ముఖం తెల్లటి స్ప్రూస్, వెనుక భాగం, పక్కలు రోజ్‌వుడ్, రెండింటికీ మధ్య లేత రంగు చెక్కతో సన్నని అంచు. రోజ్‌వుడ్‌లో నూనె, రంగు రెండూ ఉంటాయి కాబట్టి లక్కరు తగలకముందే వాటిని లోపల బంధించడానికి చపడాను, అంటే రేకులుగా దొరికే లక్కను, స్పిరిట్‌లో నానబెట్టి తయారుచేసిన పలుచని స్పిరిట్ పాలిష్ పూయాలి. చపడా కరిగాక సీసాను రెండు రోజులు కదపకుండా ఉంచితే మైనం అడుగున మబ్బులా దిగుతుంది, పైన తేరిన ద్రవాన్ని వంచుకుని వాడాలి. మొదట స్ప్రూస్‌కూ అంచుకూ పూసి ఆరనిచ్చి, వేరే గుడ్డతో రోజ్‌వుడ్‌కు పూశాను. ఆ రెండో గుడ్డ ఒక్క తుడుపుకే వక్కాకు నమిలి ఉమ్మినట్టు ఊదా ఎరుపు రంగులో తడిసిపోయింది. అదే గుడ్డ అంచును దాటి ముఖం మీదికి వచ్చి ఉంటే ఆ రంగును తీయడం ఎవరి తరమూ కాదు. తర్వాత రోజ్‌వుడ్ రంధ్రాలను ఫిల్లర్‌తో నింపి, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి అతికించాల్సిన చోట జిగురు చెక్కకే పట్టాలి గనక టేపు వేసి, నాదరంధ్రాన్ని కాగితపు బంతితో మూసి, లక్కరు పని మొదలుపెట్టాను, జులైలో.

తెల్లబడిన గిటారును పది రోజులు ఇంట్లో వేలాడదీశాను. అంచుల దగ్గర కొంత తనంతట తానే తేటపడింది గాని మధ్య భాగం మాత్రం పొగమంచులాగే ఉండిపోయింది. ఆగస్టులో రెండు రోజులు తెరిపి ఇచ్చి, మధ్యాహ్నం తేమ 65 శాతానికి దిగినప్పుడు, మంచి థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ కలిపి, లక్కరు లేకుండా అదొక్కటే మంచు కురిసినట్టు పలుచగా చల్లాను. రిటార్డర్ నెమ్మదిగా ఎగిరే ద్రవం. దాని వల్ల గట్టిపడిన పూత పైపైన మళ్లీ మెత్తబడి తెరుచుకుంటుంది, లోపల చిక్కుకున్న నీటికి బయటపడే వ్యవధి దొరుకుతుంది. చల్లిన అర నిమిషానికి తెల్లదనంలో ఒక మూల చిన్న కిటికీ తెరిచినట్టు చెక్క గీతలు కనిపించాయి, ఆ కిటికీ పెద్దదవుతూ పోయి ముఖమంతా తేటపడింది. ఎక్కువ చల్లితే కారి గీతలు పడతాయి కాబట్టి రెండు విడతలకే ఆపేశాను. మిగతా కోట్లను డిసెంబరుకు వాయిదా వేశాను. సముద్రం పక్కన ఉండి లక్కరు పని పెట్టుకున్నవాడికి సంవత్సరంలో దొరికే పని రోజులు అవే.

డిసెంబరులో పని సాఫీగానే నడిచింది. లక్కరు, థిన్నర్ సమపాళ్లలో కలిపి, గన్‌ను ఒక జానెడు దూరంలో పట్టుకుని, ట్రిగ్గర్ గిటారు అంచుకు బయటే నొక్కి బయటే వదులుతూ, ప్రతి చారా ముందు చారను సగం కప్పేట్టు, రెండేసి గంటల తేడాతో రోజుకు మూడు కోట్లు వేశాను. పాత మూడింటితో కలిపి మొత్తం 11. మధ్యలో ఒకసారి 400 నంబరు సాండ్‌పేపరుతో చదును చేశాను.

ఆ తర్వాత ఏమీ చేయకుండా ఉండాల్సిన నాలుగు వారాలు వచ్చాయి. పైన చేయి వేస్తే ఒక్క పూటలో ఆరినట్టే ఉంటుంది, కానీ అడుగు పొరల్లోని థిన్నర్ వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది, అది వచ్చేకొద్దీ పూత కుంచించుకుపోతుంది. తొందరపడి రుద్ది మెరుపు తెస్తే నెల తిరిగేసరికి రోజ్‌వుడ్ రంధ్రాలు మళ్లీ గుంటలుగా బయటపడతాయి. దీనికి నాకు తెలిసిన మీటరు ముక్కే. రోజూ సాయంత్రం గిటారు వెనుక భాగానికి ముక్కు ఆనించి వాసన చూసేవాడిని, మా ఆవిడ దాన్ని సంధ్యావందనం అనేది. ఇరవై ఆరో రోజున థిన్నర్ వాసన తెలియలేదు.

అప్పుడు వాటర్ పేపరు పట్టాను: 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000. చుక్క సబ్బు వేసిన నీళ్లు, కింద రబ్బరు దిమ్మ. రుద్ది తుడిచి ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే, చదునైన చోట మసకగా, పల్లం ఉన్నచోట ఇంకా మెరుస్తూ చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలన్నీ మాయమయ్యేదాకా 800 వదలకూడదు. కానీ అంచుల దగ్గర పూత సహజంగానే పలుచగా ఉంటుంది, అక్కడ చేతి ఒత్తిడి మనకు తెలియకుండానే పెరుగుతుంది. నడుము వంపు దగ్గర రెండు అంగుళాల మేర పూత అరిగి చెక్క బయటపడింది. పి.యు. అయితే పక్క మొత్తం మళ్లీ చేయాల్సివచ్చేది. లక్కరు కాబట్టి ఆ ఒక్కచోట నాలుగు పలుచని కోట్లు కొట్టి, చుట్టూ థిన్నర్ తుంపరతో కరిగించి కలిపేసి, ఇంకో మూడు వారాలు ఆగాను. చివరికి రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుపు తెచ్చాక ఆ చోటు నాకూ గుర్తుపట్టడానికి రాలేదు.

గిటారు వాయించడం మొదలైన ఆరు నెలలకు రెండు దెబ్బలు వరుసగా తగిలాయి. మొదటిది స్టాండు వల్ల. స్టాండు కొమ్ములకు తొడిగిన నల్లటి గొట్టాన్ని రబ్బరే కదా అని నమ్మాను. ఆ మెత్తదనం కోసం కలిపే పదార్థాలు నెమ్మదిగా లక్కరులోకి దిగి దాన్ని కరిగిస్తాయి. వేసవిలో మూడు వారాలు ఊరెళ్లి వచ్చి గిటారు తీయబోతే మెడ వెనుక భాగం గొట్టానికి అతుక్కుని, బెల్లం పాకం సాగినట్టు చప్పుడు చేస్తూ విడివడింది. మెత్తబడినంత మేరా బ్లేడుతో గీకి తీసేసి కొత్త కోట్లు వేయాల్సివచ్చింది. ఇప్పుడు స్టాండుకు పాత నూలు పంచె చింపి చుట్టాను, చూపుకు అంత బాగుండదు.

రెండోది మా మేనల్లుడి చేతిలోంచి జారిన స్టీలు గ్లాసు. ముఖం కింది అంచున కందిపప్పు బద్దంత పెచ్చు ఎగిరిపోయి, చుట్టూ పట్టు వదిలిన పూత తెల్లటి వలయంలా కనిపించింది. ముందు సన్నని కుంచెతో ఆ వలయానికి థిన్నర్ తడి చేస్తే, పూత మళ్లీ చెక్కను పట్టుకుని తెల్లదనం పోయింది. ఆ తర్వాత అగరుబత్తి పుల్ల చివర లక్కరు ముంచి గుంటలో ఒక్క చుక్క. వేసినప్పుడు ఉబ్బుగా నిలిచిన చుక్క మర్నాటికి పల్లంలోకి దిగిపోయేది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం థిన్నరే. రోజుకొకటి చొప్పున ఏడు చుక్కలకు గాని గుంట నిండి పైకి కాస్త ఎత్తుగా నిలవలేదు. రెండు వారాలు ఆగి, షేవింగ్ బ్లేడు అంచుకు రెండు కొసలా సెలోటేపు అంటించి, మధ్యలో చిటికెన వేలి గోరంత భాగాన్ని మాత్రం ఖాళీగా వదిలాను. బ్లేడును నిటారుగా పట్టుకుని లాగితే టేపు చుట్టూ ఉన్న పూత మీద జారుతుంది, ఖాళీ భాగం ఉబ్బును మాత్రమే గీకుతుంది. టేపు మందం మిగిలేదాకా పిండిలాంటి పొడి రాలింది. మిగిలిన ఆ వెంట్రుకవాసి ఎత్తును 1500, 2000 పేపర్లతో తీసేశాను.

ట్యూబ్‌లైటు కింద ఎటు తిప్పి చూసినా ఆ చోటు కనబడలేదు. సంబరంగా మేస్త్రికి చూపించాను. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, బొటనవేలితో అంచు పొడుగునా మెల్లగా తడుముకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగారు. "ఇక్కడే కదండీ? కూసింత దిగింది. మరో పది రోజులాగి గీసుంటే నాకూ దొరికేది కాదు."