పన్ను నొప్పితో కౌన్సిల్ మీటింగుకి

మూడు వారాలుగా పంటి కింద లవంగం నొక్కుకుని తిరుగుతున్నా. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) డెంటిస్ట్ దొరకడం కంటే తిరుమలలో గది దొరకడమే నయం అనిపించింది. ఎక్కడికి ఫోన్ చేసినా ఒకటే మాట, కొత్త పేషెంట్లను తీసుకోవట్లేదని.

ఆ ఉక్రోషంతోనే నిన్న మా కౌన్సిల్ హెల్త్ స్క్రూటినీ కమిటీ (ఆరోగ్య సేవల గురించి కౌన్సిలర్లు నిలదీసే కమిటీ) మీటింగుకి వెళ్లి వెనక కూర్చున్నా. ఎవరైనా వెళ్లొచ్చని ఇన్నేళ్లూ తెలియనే తెలియదు! 2023 ఏప్రిల్ నుంచి డెంటల్, ఫార్మసీ సేవల బాధ్యత ఐసీబీ అనే ప్రాంతీయ ఆరోగ్య బోర్డులది. వాళ్లను కౌన్సిలర్లు గట్టిగానే అడిగారు. ఫార్మసీ ఫస్ట్ అనే పథకం గురించి మాత్రం జవాబు గడగడా వచ్చింది. 2024 జనవరి నుంచి గొంతు నొప్పి, సైనస్ లాంటి ఏడు సమస్యలకు జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ లేకుండానే ఫార్మసిస్టు చూసి, అవసరమైతే మందిస్తారు. ఆ ఏడింటిలో పంటి నొప్పి లేదు, నా ఖర్మ.

తర్వాత ఎన్‌హెచ్ఎస్ ఫోన్ యాప్ గొప్పలు మొదలయ్యాయి. నా పక్కనున్న పెద్దావిడ బ్యాగులోంచి బటన్ల ఫోన్ తీసి పైకెత్తి పట్టుకుంది. ఒక్క మాటా లేదు. స్లైడ్లు తిప్పుతున్నాయన ఆగిపోయాడు. "దీనికి రాతపూర్వకంగా జవాబివ్వండి" అన్నారు ఛైర్, నవ్వు ఆపుకుంటూ.

నాకింకా అపాయింట్‌మెంట్ రాలేదు. లవంగాలు అయిపోవచ్చాయి.