వాన పడ్డాక పదో రోజు

"వదినా, ఇక్కడ వాన పడింది. మంచి వానే."

మా ఆడపడుచు ఫోన్లో చెప్పింది అంతే. బుధవారం రాత్రి తొమ్మిదైంది. వంటింట్లో స్టవ్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, గోడ మీద క్యాలెండర్ దగ్గరికి వెళ్లి లెక్కపెట్టాను. గురువారానికి ఒకటి, శుక్రవారానికి రెండు... పై శుక్రవారానికి తొమ్మిది, శనివారానికి పది. ఆ రెండు తేదీల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. మా అరకు ప్రయాణానికి అదే ముహూర్తం.

విశాఖలో ఉండేవాళ్లకి అరకు అంటే చలికాలమే. డిసెంబరు మంచు, పొలాల్లో వలిసె పూల పసుపు, ఘాట్ రోడ్డు మీద కార్ల బారు. పెళ్లయి ఈ ఊరొచ్చాక నేనూ నాలుగైదుసార్లు అలాగే వెళ్లొచ్చాను. మా ఆడపడుచు అక్కడికి దగ్గర్లో ఒక ఆశ్రమ పాఠశాలలో టీచర్. "మీరంతా చలి చూడ్డానికి వస్తారు, చూసి వెళ్లిపోతారు. కాఫీ పూసినప్పుడు ఒక్కసారి రండి వదినా" అని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. కాఫీకి పువ్వేమిటి, గింజ కదా అనుకునేదాన్ని.

కాఫీ చెట్టు మొగ్గ తొడిగి, అలాగే ఆగిపోతుందట. ఆవగింజంత నుంచి గోధుమగింజంత దాకా పెరిగి, వాన కోసం కాచుకుని ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక అంగుళం దాకా మంచి వాన పడితే అప్పుడు కదులుతుంది. అక్కడి నుంచి ఎనిమిది పది రోజుల్లో తోటంతా ఒకేసారి పూస్తుంది. రెండు మూడు రోజులుండి రాలిపోతుంది. అంటే ఆ పూత చూడాలంటే సెలవులు చూసుకుని బయల్దేరితే కుదరదు. కొండ మీద వాన ఎప్పుడు పడిందో తెలియాలి.

ఇది నాకు తెలిసింది ఒకసారి వెళ్లి ఊరికే తిరిగొచ్చాకే. ఫిబ్రవరి ఆఖరి శనివారానికి నెల ముందే గది బుక్ చేశాను. అప్పటికి చినుకు లేదు. తేదీ మార్చమని ఆ లాడ్జివాళ్లని బతిమాలాను, కుదరదన్నారు. అడ్వాన్సు పోతుందని అలాగే వెళ్లాం. మొగ్గలన్నీ ఆకుపచ్చగా బిగుసుకుని ఉన్నాయి. మా అమ్మాయి ఒక కొమ్మని పట్టుకుని "వీటికి మనం నీళ్లు పోస్తే పూయవా అమ్మా?" అని అడిగింది. ఎకరాల తోటకి ఎక్కడి నుంచి తెచ్చి పోస్తాం? ఆ రోజే మా ఆడపడుచుతో చెప్పాను, ఈసారి వాన పడ్డాక ఫోన్ చెయ్యి, మిగతాది నేను చూసుకుంటాను అని.

చేతిలో తొమ్మిది రోజులే ఉన్నాయి. మా ఆయనకి ఆ వారం నైట్ డ్యూటీలు, రావడం కుదరదన్నారు. మా తమ్ముడికి ఫోన్ చేస్తే "అక్కా, కొండెక్కాలంటే నేను రెడీ" అన్నాడు. మా అమ్మాయికి అప్పటికే ఒంటిపూట బడులు మొదలయ్యాయి, పరీక్షలు ఏప్రిల్లో. ఒక్క శుక్రవారం మానితే ఏమీ కాదని క్లాస్ టీచర్‌ని అడిగి ఒప్పించాను. రైల్లో అద్దాల పెట్టెకి టికెట్లు అయిపోయాయి. ఆ విస్టాడోమ్ టికెట్లు చాలా ముందే అయిపోతాయి కాబట్టి, వానని నమ్ముకుని వెళ్లేవాళ్లకి అది దొరకడం కష్టం. మామూలు పెట్టెలోనే వెళ్దామనుకున్నాం. నన్నడిగితే అదే మంచిది. కిటికీ ఊచల్లోంచి కొండగాలి ముఖానికి కొడుతుంది.

సామాను విషయంలో మా ఆడపడుచు చెప్పినట్టే చేశాను. పగలు ఎండ ఉంటుంది, రాత్రి దుప్పటి లేకుండా పడుకోలేం, అందుకని పల్చటి స్వెట్టర్లు. పట్టున్న బూట్లు. ఏజెన్సీలో మలేరియా భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీము. టార్చిలైటు, ఓఆర్ఎస్ పొట్లాలు, చిల్లర నోట్లు. లోపలి ఊళ్లలో ఫోన్ సిగ్నల్ అందదు, అక్కడ ఫోన్‌తో డబ్బు కడదామంటే కుదరదు. రెయిన్‌కోట్లు తప్పకుండా పెట్టుకోమంది. మార్చిలో కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఉరుములు మొదలవుతాయి, పిడుగులు పడతాయి. అందుకే కొండెక్కే పని ఏదైనా పొద్దున్నే పెట్టుకుని, పన్నెండు లోపు దిగిపోవాలని గట్టిగా చెప్పింది.

ఉగాది దాటాక వెళ్లేవాళ్లకి ఇంకో మాట. చైత్రంలో అక్కడ ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్లు వేటకి వెళ్తారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా తాడో కర్రో పెట్టి, వచ్చేపోయే బళ్లని ఆపి పాటలు పాడి డబ్బులడుగుతారు. కొత్తవాళ్లు కంగారుపడతారు గానీ అది వాళ్ల ఆనవాయితీ. పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, రెండు నిమిషాలు ఆ పాట విని కదలండి.

శుక్రవారం పొద్దున్న ఏడు లోపే కిరండుల్ ప్యాసింజరు విశాఖ స్టేషన్ నుంచి కదిలింది. కుడివైపు కిటికీ పట్టుకున్నాం, లోయ ఎక్కువగా కనిపించేది అటే. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా మామూలు పల్లెలే. బొడ్డవర దాటాక రైలు నెమ్మదించింది. అక్కడి నుంచి ఎక్కుడు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. కొత్తవలస నుంచి కిరండుల్ దాకా 58 సొరంగాలు. మా అమ్మాయి నోట్‌బుక్కులో గీతలు గీస్తూ లెక్కపెడుతోంది. సొరంగంలోకి వెళ్లగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారి కేక పెడతారు, బయటికి రాగానే ఆపేస్తారు. చిమిడిపల్లి దగ్గర లోయంతా మోదుగలు. చెట్టు మీద ఆకు లేదు, కొమ్మ నిండా పువ్వే. ఎండుగడ్డి రంగు కొండ మీద ఆ నారింజ ముద్దలు ఎంత దూరం నుంచైనా తెలుస్తాయి. చలికాలం ప్రయాణాల్లో ఇది నేనెప్పుడూ చూడలేదు.

శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తయినదని పేరు. అక్కడ ఆగినప్పుడు పొద్దున్న విశాఖలో పట్టిన చెమట ఆరిపోయి, ఒంటి మీద ఉప్పుగా మిగిలింది.

సాయంత్రం నాలుగింటికి మా ఆడపడుచు ఒక రైతు తోటకి తీసుకెళ్లింది. ఆవిడ దగ్గర చదువుకున్న అబ్బాయి వాళ్ల నాన్నది. ఎకరం పైన ఉంటుంది. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, ఆ నీడలో భుజం ఎత్తు కాఫీ మొక్కలు. ఆత్రంగా లోపలికి వెళ్లాను. పూయలేదు. మొగ్గలు ఆకుపచ్చదనం పోయి తెల్లబడ్డాయి, సాగి నిటారుగా నిలబడ్డాయి. కానీ ఒక్కటీ విచ్చుకోలేదు. లెక్క తప్పానా అని గుండె జారింది. ఆయన నా ముఖం చూసి ఒక మొగ్గని వేలితో అలా తడిమి, "రేపు పొద్దున్నే రండమ్మా. ఈ రాత్రికి విడిపోతాయి" అన్నాడు.

రాత్రి వాన పడుతుందేమోనని ఇంకో టెన్షన్. విడిన పూత మీద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, కాపు దెబ్బతింటుంది. నాకు చూడటం తప్పుతుంది, అంతే. వాళ్లకి ఏడాది పంట. దూరంగా రెండుసార్లు మెరిసింది. మా ఆడపడుచు దుప్పటి కప్పుకుని గుమ్మంలోనే కూర్చుంది. పడుకోమన్నా పడుకోలేదు. వాన రాలేదు.

తెల్లారి వెళ్లాం. తోట ఇంకా కనపడకముందే వాసన తగిలింది. మల్లె వాసనే, కానీ అంత మత్తు లేదు. నారింజ పూత వాసన కలిసినట్టుంది. మలుపు తిరిగాం. మా తమ్ముడు "అక్కా..." అని ఆగిపోయాడు.

కొమ్మలన్నీ తెల్లగా ఉన్నాయి. ప్రతి కణుపు దగ్గరా, ఆకుకి అటూ ఇటూ, గుత్తులు గుత్తులుగా పూలు. కొమ్మ ఎక్కడా కనిపించడం లేదు, ఎవరో పూలు దగ్గర దగ్గరగా కట్టి దండ వేలాడదీసినట్టుంది. వంగి ఒక పువ్వుని దగ్గరగా చూశాను. ఐదు రేకులు, సన్నగా, కొద్దిగా వెనక్కి వంగి ఉన్నాయి. కింద సన్నటి గొట్టం. మధ్యలో కేసరాలు బయటికి చాచుకుని ఉన్నాయి. మన పెరట్లో నూరువరహాలు కూడా ఈ కుటుంబానికి చెందిన మొక్కే, పువ్వు కింద ఆ గొట్టం చూస్తే చుట్టరికం తెలుస్తుంది. వేలు తగిలితే పుప్పొడి అంటింది. ఇక తేనెటీగలు! తోటంతా ఒకటే రొద. చెవికి దగ్గరగా కాదు, నలువైపులా, ఎక్కడో పెద్ద యంత్రం నెమ్మదిగా తిరుగుతున్నట్టు. మా అమ్మాయి భయపడి నా చెయ్యి పట్టుకుంది. "వాటి పని అవి చేసుకుంటాయి పాపా, నువ్వు కదలకుండా ఉంటే చాలు" అన్నాడాయన. కాసేపటికి ఆ భయం పోయింది. ఆయన్ని అడిగి, జడ రిబ్బను విప్పి ఒక కొమ్మ మొదట్లో వదులుగా కట్టింది.

2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరున్న పొట్లం విశాఖలో కొని తాగుతున్నాం. ఆ గింజ వెనకాల ఇలాంటి ఒక్క ఉదయం ఉంటుందని, అది వానకి వేలాడుతూ ఉంటుందని నాకు తెలియదు. ఆ రైతు చెప్పులు విడిచి తోటలో తిరుగుతున్నాడు. రాలిన పూలు తొక్కకుండా పక్కకి జరిగి నడుస్తున్నాడు.

ఎండ బాగా పరుచుకున్నాక ఊరి వెనక కొండెక్కాం. ముందే ఎందుకు వెళ్లలేదంటే, దారిలో ఇప్పచెట్లున్నాయి. రాత్రి, తెల్లారగట్ల ఇప్పపూలు రాలతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి. వెలుతురు రాకుండా అటు వెళ్లొద్దని ఊళ్లోవాళ్లే చెప్పారు. దారి చూపడానికి ఆ రైతు కొడుకు మాతో వచ్చాడు. అలాంటి దారుల్లో ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లకూడదు. చెట్ల కింద ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసి ఉంచారు. ఒక పెద్దావిడ, ఇద్దరు పిల్లలు వంగి పూలేరుతున్నారు. లేత పసుపు రంగు, ద్రాక్షపండులా రసంతో ఉబ్బి ఉన్నాయి. ఆవిడ నాలుగు నా అరచేతిలో పోసింది. నోట్లో వేసుకుంటే తీపి, వెనకాలే ఘాటు. ఎండబెడితే కిస్‌మిస్‌లా అవుతాయట.

రెండు గంటల నడక. చివర్లో రాళ్ల మీద చేతులు కూడా వాడాల్సి వచ్చింది. శిఖరం మీద నుంచి చూస్తే లోయలో మెట్టు మెట్టుగా పొలాలు, గెడ్డ, అంటే కొండవాగు, ఒకటి సన్నగా మెరుస్తోంది, కింద ఇనుప ఖనిజం వ్యాగన్లు మలుపులు తిరుగుతూ వెళ్తున్నాయి. తెచ్చుకున్న చోడి (రాగి) అంబలి తాగి, పదకొండుకే దిగడం మొదలుపెట్టాం. ఒంటిగంటకి ఉరిమింది. మేం అప్పటికి మా ఆడపడుచు క్వార్టర్స్ వరండాలో ఉన్నాం.

ఆదివారం కటికి జలపాతం. బొర్రా నుంచి జీపు, తర్వాత నడక. వేసవి దగ్గరపడేసరికి నీరు సన్నబడుతుంది, వానాకాలం హోరు ఉండదు. కానీ రాళ్ల దగ్గరికి వెళ్లి కాళ్లు పెట్టుకోవచ్చు. నాచున్న బండల మీద మాత్రం అడుగు వెయ్యకండి. ఇది గోస్తని నీరు. ఈ కొండల్లో మొదలై భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం ఆదివారాలు తిరిగే చోటే. మా అమ్మాయి ఒక ఆకుని నీళ్లలో వదిలి "భీమిలిలో కలుద్దాం" అంది. సాయంత్రం ఆర్టీసీ బస్సు అనంతగిరి మలుపులు దిగి శృంగవరపుకోట చేరేసరికి స్వెట్టర్లు సంచిలోకి వెళ్లాయి.

డిసెంబరులో మా ఆడపడుచు క్రిస్మస్ సెలవులకి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డ మూట. "నీ రిబ్బను కొమ్మవే" అని మా అమ్మాయి ఒళ్లో పెట్టింది. విప్పితే ఎర్రటి కాఫీ పళ్లు. లెక్కపెట్టింది, ఇరవై మూడు. ఒకటి నొక్కితే తియ్యటి జిగురులోంచి రెండు గింజలు జారి బయటికొచ్చాయి. ఆ జిగురు చప్పరిస్తూ, వాన ఫోన్ మళ్లీ ఎప్పుడని మేనత్తని అడిగింది. నేను కొత్త క్యాలెండర్ మేకుకి తగిలించి, దాని పక్కనే పెన్సిల్‌ని దారంతో కట్టాను.