ఒంటి ముల్లు గడియారం

శనివారం, రాత్రి.

ఈ రోజు ఉదయం ప్లాన్‌పలే మైదానంలో జరిగే పాత సామాన్ల సంతకు ఒక ఇనుప పెనం కోసం వెళ్లాను. పెనం దొరకలేదు, వాన మాత్రం పట్టుకుంది. గొడుగు ఇంట్లోనే మరచిపోయినందువల్ల, జెనీవాకు వచ్చి రెండేళ్లయినా ఏనాడూ గడప తొక్కని పాటెక్ ఫిలిప్ గడియారాల మ్యూజియంలోకి, నిజం చెప్పాలంటే తల దాచుకోవడానికే, వెళ్లాను.

పాత గడియారాలున్న అంతస్తులో ఒక బంగారు జేబుగడియారం దగ్గర అరగంటకు పైగా నిలబడిపోయాను. గుప్పిట్లో ఇమిడిపోయే ఆ గడియారం మూత మీద మరియమ్మ, ఒడిలో బాలయేసు, వెనుక కొంచెం వంగి చూస్తున్న యోసేపు ఉన్నారు. అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తే, మరియమ్మ చెంప మీది ఎరుపు గీతలతో కాక సన్నని చుక్కలతో వేసినదని తెలుస్తుంది. మన నగల మీది మీనా పనిలో బంగారంలో గుంటలు చెక్కి రంగు నింపుతారు. ఇక్కడ మాత్రం ముందుగా తెల్లని మీనా పూత వేసి కాల్చి, ఆ నున్నని తెలుపు మీద కుంచెతో బొమ్మ గీసి, రంగులు అతుక్కునేలా మళ్లీ మళ్లీ కొలిమిలో పెడతారు. ఒక్కసారి వేడి ఎక్కువైతే నెలల శ్రమ మట్టిపాలే. సుమారు 1630 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఈ పద్ధతికి రూపమిచ్చినవాడిగా షాతోదన్ ఊరి కంసాలి జాన్ తూతాన్ పేరు చెబుతారు; బ్లువా పట్టణపు పనివాళ్లు దానికి పేరు తెచ్చారు. మూత లోపలి వైపున కూడా చెట్లు, చెరువు, దూరంగా ఒక గోపురం ఉన్నాయి. దాన్ని చూసేది గడియారం తెరిచిన మనిషి ఒక్కడే కదా, అయినా అక్కడా అంతే శ్రద్ధ.

నాకు వింతగా తోచింది వేరొకటి. కేథలిక్ చర్చిని ఎదిరించిన ప్రొటెస్టెంట్ మతబోధకుడు కాల్విన్ బోధలతో నడిచిన ఈ జెనీవాలోనే 1566లో కంసాలులు శిలువలు, పానపాత్రలు వంటి కేథలిక్ ఆరాధన వస్తువులు చేయరాదని నిషేధించారు. ఆ తరువాత నగల పని తెలిసిన చేతులు చాలావరకు గడియారాల వైపు మళ్లాయి. 1601లో గడియారాల పనివాళ్లకు సొంత సంఘం కూడా ఏర్పడింది. మరో ఎనభై ఏళ్లు గడిచేసరికి అదే ఊళ్లో హువో సోదరులు గడియారాల మూతల మీద మరియమ్మను, బాలయేసును గీసి, కింద సంతకం కూడా పెట్టేవారు. గుడి గోడ మీద కూడదన్న బొమ్మ జేబులోకి చేరింది. అంత పట్టుదల గల ఊరు వందేళ్లలో ఇంత మెత్తబడిందా అని నవ్వుకున్నాను.

ఇంతకీ నేను చూసిన గడియారానికి ఉన్నది ఒకటే ముల్లు, గంటల ముల్లు. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1675లో గడియారపు చక్రానికి సన్నని చుట్ట స్ప్రింగు తగిలించే ఉపాయం చెప్పేదాకా, జేబుగడియారాలు రోజుకు పావుగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తప్పేవి. అలాంటప్పుడు నిమిషాల ముల్లు పెట్టినా దండగే.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంత బంగారం పోసి చేయించి టైము సరిగ్గా చూపించకపోతే ఎలాగని అడుగుతుందనుకున్నాను.

"బాగానే ఉంది, మన హాల్లో గుణదల మేరీమాత కేలండరు ఏ సంవత్సరానిదో నీకు గుర్తుందా?" అంది.

గుర్తుంది. నేను ఇంటర్ చదివేటప్పటిది. అందులో తేదీలు కాలం చెల్లి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోతుంటే అమ్మ, "అది సరేగానీ, పెనం దొరికిందా అమ్మా?" అంది.